పది షాపుల పద్దులు: నెలవారీ లెక్కల పని ఎలా చేయాలి

అనంతపురం సుభాష్ రోడ్డులోనో పాతూరు సందుల్లోనో ఏదో ఒక షాపు ఎక్కి "మీ లెక్కలు ఎవరు చూస్తారన్నా?" అని అడిగి చూడండి. "ఆడిటరు చూసుకుంటాడప్పా" అనేవాళ్లు కొందరు. గల్లాపెట్టె కింద నుంచి మూలలు నలిగిన నోటుబుక్కు తీసి "నేనే రాసుకుంటా" అనేవాళ్లు కొందరు. ఆడిటరు చూసేది ఏడాదికోసారి. నోటుబుక్కులో ఉండేది ఎవరికి ఎంత అప్పిచ్చామన్నది మాత్రమే. మధ్యలో మిగిలిన పన్నెండు నెలల పనికి మనిషి కావాలి. పూర్తి జీతమిచ్చి పెట్టుకునేంత స్తోమత చిన్న షాపుకు ఉండదు, అంత పనీ ఉండదు. అందుకే నెలకు రెండు మూడు రోజులు వచ్చి పద్దులు రాసిపోయే మనిషికి గిరాకీ. బి.కాం. చదివి, ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని, జీతానికి కుదురుకోవాలా సొంతంగా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. అకౌంటెంట్ అనండి, పాత మాటలో గుమాస్తా అనండి, పని ఒకటే.

ముందు నేను తిన్న దెబ్బ చెప్తాను. మొదటి ఏడాది ఒక పెయింట్ల షాపు లెక్కలు రాశాను. ఆగస్టు నెల బ్యాంకు స్టేట్‌మెంటులో 48,000 నగదు జమ కనిపించింది. ఎక్కడిదో తెలియక సస్పెన్స్ ఖాతాలో పడేసి, తర్వాత అడుగుదాంలే అనుకున్నాను. మర్చిపోయాను. మరుసటి మే నెలలో ఆడిటరు అడిగారు. షాపాయన తల గోక్కున్నాడు. "ఆగస్టా? ఎవరిచ్చినారో ఏమో, యాడ గుర్తుంటాది సామీ." ఆధారం లేదు కాబట్టి అదీ ఆదాయంలో కలిసిపోయింది. పన్ను కట్టిన తర్వాత, ఇంట్లో వాళ్లావిడ చీటీల పుస్తకం తిరగేస్తుంటే తేలింది: ఆవిడ చీటీ ఎత్తిన డబ్బు అది, సరుకు కొనడానికి షాపు ఖాతాలో వేశారు. సెప్టెంబరు మొదటివారంలో నేను ఒక్క మాట అడిగుంటే అర నిమిషంలో తేలిపోయేది.

ఎంట్రీలు కొట్టడం ఎవరైనా కొడతారు. షాపాయనకు ఇంకా గుర్తున్నప్పుడే అడగడానికి ఆయన మనకు నెలనెలా డబ్బిస్తాడు. కింద చెప్పే పనులన్నీ దానికోసమే అనుకుని చదవండి.

షాపు ఒప్పుకునే ముందు

మొదటిరోజే ట్యాలీ తెరవకండి. ఒక గంట షాపులో కూర్చోండి. బిల్లు ఎవరు రాస్తున్నారు, డబ్బు ఎవరు తీసుకుంటున్నారు, క్యూఆర్ కోడ్ స్టిక్కరు ఎవరి పేరు మీద ఉంది, సరుకు దిగినప్పుడు వచ్చిన బిల్లు ఎక్కడ గుచ్చుతున్నారు, గమనించండి. క్యూఆర్ సంగతి ముఖ్యం. షాపు కరెంటు ఖాతా ఒకటుంటే, స్టిక్కరు మాత్రం కొడుకు సేవింగ్స్ ఖాతాది ఉంటుంది. అమ్మకం ఇక్కడ, డబ్బు అక్కడ. ఒప్పుకునే ముందే "స్టిక్కరు మార్పించండి, లేదంటే ఆ ఖాతా స్టేట్‌మెంటు కూడా ఇవ్వాలి" అని చెప్పేయండి.

తర్వాత మూడు కాగితాలు అడగండి: జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పోయిన ఏడాది ఆదాయపన్ను రిటర్నుతో పాటు బ్యాలెన్స్ షీటు, చివరగా వేసిన జీఎస్‌టీ రిటర్ను. సర్టిఫికెట్టులో షాపు మామూలు పద్ధతిలో ఉందా, కాంపోజిషన్ అనే చిన్న షాపుల పద్ధతిలో ఉందా చూడండి. మీ నెల పని అంతా దాన్నిబట్టే మారుతుంది. కాంపోజిషన్‌లో ఉన్న కిరాణా షాపు అమ్మకాల మీద నూటికి 1 రూపాయి పన్ను కడుతుంది. కొనుగోలు మీద కట్టిన పన్ను తిరిగి రాదు, గిరాకీ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, బయటి రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. మూడు నెలలకోసారి 18వ తేదీలోపు సీఎంపీ-08 అనే పత్రం వేసి పన్ను కట్టాలి, ఏడాదికోసారి జీఎస్‌టీఆర్-4 రిటర్ను వేయాలి. మామూలు పద్ధతి షాపు కథ వేరు, అది కింద వస్తుంది.

రిజిస్ట్రేషనే లేని షాపయితే ఒక మాట గుర్తుంచుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ లేకుండా అమ్ముకునే హద్దు ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు. తెలంగాణలో సరుకుకు కూడా 20 లక్షలే, అక్కడి బంధువు చెప్పిన లెక్క ఇక్కడ చెల్లదు. హద్దు దాటుతున్నారేమో నెలనెలా చూసి చెప్పడం కూడా మన పనే.

ప్రారంభ నిలవలు తెచ్చుకోవడం అందరికీ విసుగు పుట్టించే పని. అయినా తప్పదు. పోయిన మార్చి 31 బ్యాలెన్స్ షీటులో ఉన్న అంకెలే మీ ఏప్రిల్ 1 అంకెలు కావాలి. ఉగాదికో దీపావళికో కొత్త పుస్తకానికి పసుపు రాసి, మొదటి పేజీలో శ్రీకారం చుట్టే ఆనవాయితీ చాలా షాపుల్లో ఉంది. చేసుకోనివ్వండి, మంచిదే. మీ లెక్క మాత్రం ఏప్రిల్ 1 నుంచే. బ్యాలెన్స్ షీటులో "చేతిలో నగదు" 3 లక్షలని ఉండి, గల్లాపెట్టెలో 7,000 ఉంటే ఆశ్చర్యపోకండి. దాన్ని మీరు సర్దేయకండి కూడా. ఆడిటరుకు చెప్పి, ఆయన చెప్పినట్టు చేయండి.

సంచి పద్ధతి

కాగితాలు చేతికి రావడమే సగం పని. వాట్సాప్‌లో ఫోటోలు పంపమని చెప్పి చూశాను. పెళ్లి ఫోటోల మధ్య బిల్లు, సగం తెగిన బిల్లు, తలకిందులుగా తీసిన బిల్లు. ఇప్పుడు ప్రతి షాపుకు ఒక గుడ్డ సంచి ఇస్తాను. లోపల నాలుగు ప్లాస్టిక్ కవర్లు: కొన్న బిల్లులు, అమ్మిన బిల్లుల కార్బన్ పుస్తకాలు, ఖర్చుల వోచర్లు, "తెలియనివి". నాలుగోదే విలువైనది. ఏ కవరులో వేయాలో తెలియక కాగితాన్ని పారేయకుండా ఆపేది అదే.

ఖర్చుకు బిల్లు లేకపోతే తెల్లకాగితం మీద తేదీ, ఎవరికి, ఎందుకు, ఎంత రాసి, తీసుకున్నవారి సంతకం పెట్టించమనండి. హమాలీ కూలీకి, ఆటో కిరాయికి, టీ డబ్బులకు బిల్లులు రావు. అది అందరికీ తెలుసు. వోచరు కూడా లేకపోతేనే చిక్కు.

సంచి నెలకోసారి కాదు, రెండుసార్లు తెచ్చుకోండి. 16న ఒకసారి, 1న ఒకసారి. నెలాఖరు దాకా ఆగితే మళ్లీ నా పెయింట్ల షాపు కథే.

1వ తేదీ పొద్దున: గల్లాపెట్టె లెక్క

షాపు తెరిచే వేళకు వెళ్లి, షాపాయన ముందే డబ్బు లెక్కపెట్టించండి. మీరు చేయి పెట్టకండి, ఆయన లెక్కపెడుతుంటే మీరు రాసుకోండి. తర్వాత లెక్క ప్రకారం ఎంత ఉండాలో చూడండి. ఒక ఉదాహరణ:

నెల మొదట్లో నగదు 6,200. నెలలో నగదు అమ్మకాలు 1,84,500. పాత బాకీలు వసూలైనవి 22,000. మొత్తం 2,12,700. ఇందులో ఖర్చులు 38,400, బ్యాంకులో వేసింది 1,40,000, సరుకు ఇచ్చినవాళ్లకు నగదుగా ఇచ్చింది 9,000, కలిపి 1,87,400 పోయింది. మిగలాల్సింది 25,300. పెట్టెలో ఉన్నది 11,800. తేడా 13,500.

"దొంగతనం జరిగిందా?" అన్నట్టు మొహం పెట్టకండి, ఆయనకు కోపం వస్తుంది. "అన్నా, ఇంట్లోకి ఏమైనా తీసినారా?" అని అడగండి. చీటీ కంతు 10,000, పిల్లల స్కూలు వ్యాను 3,500. తేలిపోయింది. దాన్ని సొంత వాడకం ఖాతాలో రాయండి, ఖర్చు కింద కాదు. షాపు డబ్బు, ఇంటి డబ్బు ఒకే జేబులో ఉండే ఊళ్లో ఈ గీత గీయడమే పెద్ద పని. షాపాయన మొదట నవ్వుతాడు. మూడు నెలల తర్వాత ఇంటికి ఎంత పోతోందో చూసి నవ్వడం మానేస్తాడు.

లెక్కలో నగదు ఎప్పుడైనా మైనస్‌లోకి పోతే ఎంట్రీ తప్పయినా అయ్యుండాలి, ఒక అమ్మకం రాయకపోయినా ఉండాలి. పెట్టెలో లేని డబ్బు ఎవరూ ఖర్చుపెట్టలేరు కదా. తేదీల వారీగా చూసుకుంటూ పొండి, ఏ రోజు మైనస్ మొదలైందో అక్కడే జవాబుంటుంది.

నగదు విషయంలో షాపాయనకు మూడు అంకెలు బట్టీ పట్టించండి. ఒకరికి ఒకే రోజు 10,000కు మించి నగదుగా ఇచ్చిన ఖర్చును పద్దుల ప్రకారం లాభం చూపే షాపుకు ఆదాయపన్నులో ఒప్పుకోరు. 20,000 గానీ అంతకు మించి గానీ చేబదులు నగదుగా తీసుకోకూడదు. ఒకరి దగ్గర నుంచి ఒకే రోజు 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు పుచ్చుకోకూడదు. బావమరిది ఇచ్చినా అంతే.

బ్యాంకు

స్టేట్‌మెంటు ప్రతి వరుసకూ ట్యాలీలో జోడీ ఉండాలి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది కార్డు మిషను దగ్గర. గిరాకీ 10,000 గీకితే ఖాతాలో 9,850 పడిందనుకోండి. 9,850 అమ్మకంగా రాస్తే అమ్మకం తగ్గిపోతుంది. 10,000 అమ్మకం, 150 బ్యాంకు చార్జీ అని రెండుగా రాయాలి. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యూపీఐ డబ్బు షాపులకు మామూలుగా కోత లేకుండానే వస్తుంది గానీ, వందలాది చిన్న వరుసలుగా వస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా ఎక్కించకండి, రోజు మొత్తం ఒకే ఎంట్రీగా రాసి, యాప్‌లో దిగే రోజువారీ నివేదికను దాచిపెట్టండి. అదే ఖాతాకు చెల్లెలు పంపిన డబ్బు, స్నేహితుడు తిరిగిచ్చిన చేబదులు కూడా వచ్చి ఉంటాయి, వాటిని అమ్మకంలో కలపకండి. పేరు తెలియని ప్రతి వరుసనూ ఒక చీటీ మీద రాసుకోండి.

ఆ చీటీ పట్టుకుని షాపాయన దగ్గర పది నిమిషాలు కూర్చోవాలి. గిరాకీ పలచగా ఉండే వేళ చూసుకోండి. అనంతపురం ఎండల్లో మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో దొరుకుతారు, కొంచెం కునుకు తీస్తూ. ప్రశ్నలు పదికి మించనివ్వకండి. పాతిక ప్రశ్నలు తెస్తే ఆరో దానికే "నీకు తోచినట్టు రాయప్పా" అంటారు. మీకు తోచినట్టు మాత్రం రాయకండి. కాకి లెక్కలు మొదలయ్యేది ఆ మాటతోనే.

కొన్న బిల్లులు, 2బి

ఒక్క వారం సెలవు పెట్టమంటే నేను ఏ వారమైనా పెడతాను, 14 నుంచి 20 దాకా మాత్రం పెట్టను.

సరుకు అమ్మినవాడు తన జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) మన షాపు జీఎస్‌టీ నంబరు వేసి బిల్లు ఎక్కిస్తేనే, మనం కట్టిన పన్ను మనకు జమ అవుతుంది. అలా ఎక్కిన బిల్లులతో 14న మన షాపు పేరున జీఎస్‌టీఆర్-2బి అనే జాబితా పోర్టల్‌లో తయారవుతుంది, అందులో ఉన్న పన్నే మనం తీసుకోవచ్చు. మీ పుస్తకంలో కొనుగోళ్ల మీద పన్ను 31,460 ఉండి, 2బిలో 27,860 కనిపిస్తే 3,600 తేడా ఎక్కడిదో వెతకండి. 20,000 సరుకు మీద 18 శాతం, అంటే ఒకే బిల్లు. అమ్మినవాడు వేయలేదు, లేదా మన నంబరులో ఒక అక్షరం తప్పుకొట్టాడు, లేదా అసలు నంబరే లేకుండా మామూలు గిరాకీకి అమ్మినట్టు చూపించాడు. ఫోన్ చేసి అడగండి. మర్యాదగా, కానీ అదే నెలలో. షాపాయన ఆ వ్యాపారికి డబ్బివ్వక ముందు అడిగితే పని చిటికెలో అవుతుంది. డబ్బు చేతిలో పడ్డాక ఆయన ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు.

మనవైపు సరుకులో సగం బెంగళూరు నుంచి వస్తుంది, బళ్లారి నుంచి కొంత. బిల్లు మీద అమ్మినవాడి నంబరు మొదటి రెండు అంకెలు చూడండి. 37 మన రాష్ట్రం, 29 కర్ణాటక, 36 తెలంగాణ. 29తో మొదలైన బిల్లులో ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం మీద వేసే పన్ను) ఉండాలి. బెంగళూరు చిక్‌పేటకు షాపాయన స్వయంగా వెళ్లి బస్సులో మూట వేసుకొచ్చిన సరుకుకు కొందరు కర్ణాటక లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్‌టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) వేసి ఇచ్చేస్తారు. ఆ పన్ను మన షాపుకు రాదు. బిల్లు తీసుకునేటప్పుడే చూసుకోమని షాపాయన ఫోన్‌లో మన నంబరు ఫోటో పెట్టివ్వండి. సరిగ్గా వచ్చిన ఐజీఎస్‌టీతో మాత్రం మంచి వెసులుబాటుంది. దాన్ని సీజీఎస్‌టీకీ వాడుకోవచ్చు, ఎస్‌జీఎస్‌టీకీ వాడుకోవచ్చు. సీజీఎస్‌టీ జమతో ఎస్‌జీఎస్‌టీ కట్టడానికి వీల్లేదు.

ఇంకో గడువు: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరుకు డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న పన్ను జమ వెనక్కి కట్టాలి. అప్పు మీద సరుకు తెచ్చుకునే షాపుల్లో ఇది నిజంగానే తగులుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో మర్చిపోయిన బిల్లు పన్నును, ఆ సంవత్సరం మార్చితో ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు తీసుకోకపోతే ఇక రాదు.

పన్ను రేట్లు మారినప్పుడు సరుకుల జాబితా సరిదిద్దడం కూడా మీ పనే. 2025 సెప్టెంబరు 22న 12 శాతం, 28 శాతం రేట్లు చాలావరకు పోయాయి. సిమెంటు 28 నుంచి 18కి దిగింది, డ్రిప్ సామాన్లు 12 నుంచి 5కి. మన జిల్లాలో డ్రిప్ షాపులు ఎన్నున్నాయో చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు పాత రేటుకు కొన్న సరుకైనా, ఆ తేదీ నుంచి అమ్మిన బిల్లు కొత్త రేటుకే ఉండాలి. ట్యాలీలో ఒక వస్తువుకు రేటు మార్చడం మర్చిపోతే ఆ నెల బిల్లులన్నీ తప్పే.

అమ్మకాలు, బాకీలు

బిల్లు నంబర్లు వరుసగా ఉన్నాయా, మధ్యలో చిరిగిన బిల్లు ఏమైంది, ఇది చూస్తే అమ్మకాల్లో సగం తనిఖీ అయినట్టే. రద్దయిన బిల్లును పుస్తకంలోనే ఉంచి అడ్డగీత గీయమనండి. 200 లోపు చిల్లర అమ్మకాలకు, గిరాకీ అడగకపోతే, విడివిడి బిల్లులు అక్కర్లేదు. రోజు చివర ఒక బిల్లు చాలు.

బాకీల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. వేరుశనగ వేసే కాలంలో మోటరో పైపులో పట్టుకుపోయి "పంట రాగానే ఇస్తా" అనే రైతు మన షాపులకు అసలు గిరాకీ. ఆ మాట తప్పు కాదు, వాన తప్పుతుంది. అయితే జీఎస్‌టీకి వాన సంగతి పట్టదు. బిల్లు రాసిన నెలలోనే పన్ను కట్టాలి, డబ్బు ఎప్పుడొచ్చినా. అంటే షాపాయన సరుకు అప్పివ్వడమే కాకుండా దాని మీద పన్ను కూడా తన జేబులోంచి ముందే కడుతున్నాడు. ఈ సంగతి ఆయనకు అంకెల్లో చూపించినవాళ్లు ఉండరు.

అందుకే నెలనెలా ఒక పేజీలో బాకీల పట్టిక తీసివ్వండి: నెలలోపువి, మూడు నెలలవి, ఆరు నెలలు దాటినవి. నోటుబుక్కులో పేర్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, "బుక్కరాయసముద్రం ఎర్రచొక్కా ఆయన", "మామిళ్లపల్లి టైలరు తమ్ముడు". పట్టికలో వాటిని అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరుగా మార్చమని అడుగుతూ ఉండండి. ఒక డ్రిప్ షాపులో నేనిచ్చిన పట్టిక చూసి ఆయన ఒక పేరు మీద వేలు పెట్టి, "ఈయన పోయి ఏడాదైంది, కొడుకు బెంగళూర్లో ఉండాడు, వాళ్లకు చెప్పనేలేదే" అన్నారు. రిటర్నులు వేసినందుకు నాకు ఎవరూ రెండో టీ ఇప్పించలేదు, ఆ పట్టిక ఇచ్చిన రోజు ఇప్పించారు.

తేదీలు

గోడ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో రాసుకోండి. టీడీఎస్ (ఎవరికైనా డబ్బిచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకునే షాపయితే 7లోపు కట్టాలి. జీతం 15,000 దాటిన పనివాళ్లుంటే వృత్తిపన్ను 10లోపు. 20,000 దాకా నెలకు 150, ఆపైన 200. నెలవారీ పద్ధతిలో ఉన్న షాపుకు జీఎస్‌టీఆర్-1 గడువు 11, పన్ను లెక్క చూపి కట్టే జీఎస్‌టీఆర్-3బి గడువు 20. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటే 15.

ఏడాది అమ్మకం 5 కోట్ల లోపుంటే మూడు నెలల పద్ధతి ఎంచుకోవచ్చు. అప్పుడు రిటర్నులు మూడు నెలలకోసారి: జీఎస్‌టీఆర్-1కు 13, మన రాష్ట్రంలో 3బికి 22. కానీ మొదటి రెండు నెలల పన్ను 25లోపు చలాన్‌తో కట్టాలి. ఇక్కడే చాలామంది జారిపడతారు. రిటర్ను మూడు నెలలకు కదా అని పద్దులు కూడా మూడు నెలలకోసారి రాస్తారు. అలా చేస్తే మీరు నెలవారీ మనిషి కారు. రిటర్ను ఎప్పుడున్నా పద్దు నెలనెలా మూసేయండి.

ఆలస్యమైతే 3బికి రోజుకు 50, కట్టాల్సిన పన్ను ఏమీ లేని రిటర్నుకు రోజుకు 20, పన్ను బాకీ మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. మీ ఆలస్యం వల్ల పడిన జరిమానా మీరే కట్టాలా అన్న గొడవ తప్పకుండా వస్తుంది. నా పద్ధతి: సంచి 3వ తేదీలోపు నాకు చేరితే జరిమానా నాది, చేరకపోతే షాపుది. మొదటిరోజే కాగితం మీద రాసుకుంటాం.

షాపాయనకు ఇచ్చే ఒక్క పేజీ

20 దాటాక ఒకే పేజీ ఇవ్వండి. తెలుగులో, చేత్తో రాసినా ఫర్వాలేదు. అమ్మకం ఎంత, పోయిన నెల ఎంత, పోయిన ఏడాది ఇదే నెల ఎంత. కొనుగోలు ఎంత. ఖర్చుల్లో పెరిగింది ఏది. ఇంటికి పోయింది ఎంత. రావాల్సింది, ఇవ్వాల్సింది. వచ్చే నెల కట్టాల్సిన పన్ను సుమారుగా. ట్యాలీలోంచి పదిహేను పేజీల రిపోర్టు ప్రింటు తీసిస్తే అది పొట్లాలు కట్టడానికి పోతుంది, కళ్లారా చూశాను.

స్టాకు నెలనెలా మొత్తం లెక్కపెట్టించడం చిన్న షాపులో జరిగే పని కాదు. ఎక్కువ విలువ చేసే ఇరవై వస్తువులు లెక్కపెట్టించండి, మిగతావి ఏడాది చివర.

చేయకూడనివి

ఆడిటు మీరు చేయలేరు, దానికి చార్టర్డ్ అకౌంటెంటు కావాలి. ఆ సంతకం చోటులో మీ సంతకం పెట్టకండి.

జీఎస్‌టీ పోర్టల్‌లో మీ ఫోన్ నంబరు, మీ మెయిలు పెట్టకండి. షాపాయన "ఓటీపీల గొడవ నాకెందుకప్పా, నీదే పెట్టుకో" అంటాడు. పెట్టుకుంటే నోటీసు మీకొస్తుంది, ఆయనకు రాదు. మీరు ఆ షాపు వదిలాక కూడా వస్తూనే ఉంటుంది. బ్యాంకు పాస్‌వర్డు అసలు తీసుకోకండి. స్టేట్‌మెంటు చూసే వీలు మాత్రమే అడగండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు మీ దగ్గర ఉంచమంటే అక్కడే వెనక్కి ఇచ్చేయండి. పన్ను కట్టమని చేతికి నగదు ఇస్తే కూడా వద్దనండి. చలాన్ మీరు తయారు చేయండి, డబ్బు ఆయన ఖాతాలోంచి ఆయనే కట్టాలి.

"కొన్ని బిల్లులు సర్దప్పా" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. సరుకు లేకుండా బిల్లు కొనుక్కోవడం చిన్న సర్దుబాటు కాదు, జైలు దాకా పోయే నేరం. నేను రెండు షాపులు ఈ కారణంగానే వదులుకున్నాను. అందులో ఒకాయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు, ఇప్పుడు సప్తగిరి సర్కిల్లో కనిపిస్తే పలకరిస్తాడు.

ఒక షాపు అంకెలు ఇంకో షాపులో మాట్లాడకండి. ఒకే వీధిలో రెండు బట్టల షాపులు మీవే అయితే, మొదటాయన టీ తాగుతూ "వాళ్లకు దసరా ఎట్ల జరిగిందంట?" అని అడుగుతాడు. "ఆయన మీ గురించి అడిగినా నేను ఇదే అంటాను" అని నవ్వి ఊరుకోండి.

ఎంత తీసుకోవాలి

షాపు సైజు చూసి కాదు, కాగితాల సంఖ్య చూసి చెప్పండి. రోజుకు మూడు పెద్ద బిల్లులు రాసే సిమెంటు షాపు కంటే రోజుకు నూటాభై చిన్న బిల్లులు రాసే మందుల షాపుకు పని ఎక్కువ. మొదటి నెల పాత లెక్క సరిచేయడానికి విడిగా తీసుకోండి, అది నెల ఫీజులో కలిపితే మునిగిపోతారు. రిటర్నులు వేయడం, నోటీసులకు జవాబులు ఫీజులో ఉన్నాయా లేవా రాసుకోండి. మొదట్లో ఐదు షాపులకు మించి ఒప్పుకోకండి. 14కీ 20కీ మధ్య ఉన్న రోజులు ఎన్నో లెక్కపెట్టుకుంటే కారణం మీకే తెలుస్తుంది.

షాపు వదిలేటప్పుడు

ఎప్పుడో ఒక షాపు మిమ్మల్ని మార్చేస్తుంది, లేదా మీరే వదిలేస్తారు. ఫీజు బాకీ ఉందని కాగితాలు పట్టుకుని కూర్చోకండి. బాకీ విడిగా అడగండి, కాగితాలు వాళ్లవి. జీఎస్‌టీ పుస్తకాలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి ఆరేళ్లు షాపాయన దాచాలి కాబట్టి ఆయనకు అవి చేరడం ముఖ్యం. ట్యాలీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో, ఆఖరి నెల బ్యాంకు సరిపోల్చిన పేజీ, ఇంకా జవాబు రాని ప్రశ్నల చీటీ, నాలుగు కవర్లతో సంచి, అన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి, "ముట్టినవి" అని షాపాయన సంతకం, తేదీ తీసుకోండి. ఆ కాగితానికి రెండు కాపీలు చేసి, ఒకటి సంచిలో పెట్టండి, ఒకటి మీ బీరువాలో.